చేసినవాడే తీర్పరి కావాలా?

ఏ పనికైనా పోటీ పెట్టి, బహుమతి ప్రకటించి, న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టిన చోట ఒక పాత సందేహం తప్పక తలెత్తుతుంది: ఆ పనిని తన చేత్తో ఎన్నడూ చేయనివాడికి దాని మంచిచెడ్డలు తేల్చే అర్హత ఉంటుందా? కవిత్వం, సంగీతం, నాట్యం విషయాల్లో వందల ఏళ్లుగా నలుగుతున్న ఈ సందేహానికి గత నాలుగైదు దశాబ్దాలుగా పాశ్చాత్య దేశాల్లో ఇంటి బీరు పోటీలు కొత్త వేదికయ్యాయి. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి మాల్టుగా చేసి, దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, దిగిన తీపి నీటిని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లారాక ఈస్టు చేర్చి పులియబెట్టి, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి ఇంట్లో తయారుచేసుకునే పానీయమే ఇంటి బీరు. దాన్ని సీసాలకెత్తి పోటీకి పంపేవారంతా ఎలాగూ తయారీదారులే. రుచి చూసి మార్కులు వేసేవారు కూడా తయారీదారులై ఉండాలా, లేక మంచి ముక్కూ నాలుకా ఉంటే చాలునా అన్నది వివాదం.

ఈ వివాదానికి మూలం ఆ పోటీలు పుట్టిన తీరులో ఉంది. అమెరికాలో 1933లో మద్యనిషేధం తొలగినప్పుడు ఇంట్లో వైను చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది గాని బీరుకు ఆ వెసులుబాటు దక్కలేదు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం చేసిన చట్టంతోనే ఇంటి బీరుకు సమాఖ్య స్థాయిలో అనుమతి లభించింది. ఆ తరువాత 1985లో, పోటీలకు తీర్పరులను పరీక్షించి అర్హతాపత్రం ఇచ్చే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థ ఏర్పడింది. కాచేవాళ్ల సంఘాల నుంచి పుట్టిన పోటీలు కాబట్టి తీర్పరుల కుర్చీల్లోనూ సహజంగా ఎక్కువమంది కాచేవాళ్లే కూర్చున్నారు. అయినా తీర్పరి స్వయంగా బీరు కాచి ఉండాలన్న షరతు మాత్రం ఆ సంస్థ పెట్టలేదు. తొంభై నిమిషాల్లో ఆరు బీర్లు రుచి చూసి ఒక్కోదానికి మార్కుల పత్రం నింపే పరీక్ష ఉంది, పై మెట్టు ఎక్కదలచినవారికి తయారీ విధానం గురించి కూడా అడిగే వ్రాతపరీక్ష ఉంది, కాచి చూపమనే పరీక్ష లేదు. తయారీ తెలిసి ఉండాలంటున్న ఆ సంస్థ తయారుచేసి ఉండాలని అనడం లేదు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం ఎంత, ఆ దూరం తీర్పును ఎక్కడ పాడుచేస్తుంది, ఎక్కడ చేయదు అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

చేసేవాడికీ తూచేవాడికీ మధ్య సంబంధం నిత్యం కనబడే గుజరాత్‌లోని సూరత్ నగరం ఈ విచారణకు తగిన చోటే గాని, ఇక్కడ దాన్ని బీరు ముందు పెట్టుకుని చేయడానికి వీల్లేదు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, 1960 మే 1న గుజరాత్ ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు దానికి వారసత్వంగా సంక్రమించింది. 2017 నాటి సవరణ తరువాత మద్యం తయారీకీ అమ్మకానికీ శిక్ష పదేళ్ల జైలు దాకా పెరిగింది. కాచడమే నేరమైన చోట కాచేవాడికీ తీర్పరికీ కూడా చట్టంలో చోటుండదు. అయితే చట్టం అనుమతించిన దగ్గరి చుట్టం ఒకటుంది. తాటిచెట్ల నుంచీ ఈతచెట్ల నుంచీ రాత్రివేళ దిగిన రసాన్ని పులియకముందే, చలికాలపు తెల్లవారుజామున దక్షిణ గుజరాత్‌లో నీరా పేరుతో అమ్ముతారు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాల పనికి సూరత్ చేరిన తెలుగువారికి దాని పులిసిన రూపమైన కల్లు బాగా తెలుసు. కల్లు తాగేవాడి తీర్పు ఒక్క గుక్కలో తేలిపోతుంది: తీయగా ఉంది, పుల్లబారింది, నీళ్లు కలిశాయి. గీత కార్మికుడి ఆలోచన సరిగ్గా అక్కడ మొదలవుతుంది. లొట్టి సరిగా కడగక నిన్నటి మడ్డి అడుగున మిగిలిందా, ఎండెక్కాక దించారా, నీరా అయితే లొట్టి లోపలి సున్నపు పూత పలచబడిందా అని అతడు కారణాల వెంట వెనక్కి నడుస్తాడు. ఇద్దరూ ఒకే గుక్క రుచి చూశారు, ఒకే దోషాన్ని గుర్తించారు. ఒకరి మాట తాగబోయే తక్కినవారికి పనికివస్తుంది, మరొకరి మాట రేపు చెట్టెక్కబోయేవాడికి పనికివస్తుంది.

తాగేవాడి పక్షాన, తినేవాడి పక్షాన నిలిచిన పెద్దలు తక్కువవారు కారు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో, కొన్ని విద్యల్లో చేసినవాడు ఒక్కడే తీర్పరి కాడనీ, ఉత్తమ తీర్పరి అసలే కాడనీ వాదించాడు. ఇంటి సౌకర్యాన్ని కట్టినవాడికన్నా కాపురమున్నవాడు, చుక్కాని పనితనాన్ని వడ్రంగికన్నా ఓడ నడిపేవాడు, విందును వంటవాడికన్నా అతిథి బాగా అంచనా వేస్తారని ఆయన అభిప్రాయం. భోజనం సూరత్‌లో, మరణం కాశీలో దొరకాలని గుజరాతీలు చెప్పుకునే సామెత కూడా ఈ పక్షానిదే. ఉంధియూ, లోచో, ఘారీ వంటి వంటకాల కీర్తిని నిలబెట్టింది పొయ్యి దగ్గర నిలబడ్డవారి సాక్ష్యం కాదు, విస్తరి ముందు కూర్చున్నవారి సాక్ష్యం. ఈ వాదంలో బలం ఉంది. వస్తువు ఎవరికోసం పుట్టిందో వారే దాని ఫలితాన్ని అనుభవిస్తారు కాబట్టి ఫలితం గురించి వారి మాట చెల్లుతుంది. అయితే అతిథి విందును మెచ్చడం, వంటవాడికి దారి చూపడం రెండు వేర్వేరు పనులన్న సంగతిని ఈ వాదం ప్రస్తావించకుండా దాటిపోతుంది. ఉప్పు ఎక్కువైందని అతిథి చెప్పగలడు. కూరలో నీరు ఎక్కువ ఇగిరిపోయినందువల్ల ఉప్పు తేలిందని చెప్పడం అతని పని కాదు.

భారతీయ అలంకారశాస్త్రం ఈ భేదాన్ని మరింత నిశితంగా గుర్తించింది. పదో శతాబ్దంలో కావ్యమీమాంస రచించిన రాజశేఖరుడు ప్రతిభను రెండుగా విభజించి, కవికి ఉపకరించేదాన్ని కారయిత్రి అనీ, కావ్యాన్ని గ్రహించి తూచేవాడికి ఉపకరించేదాన్ని భావయిత్రి అనీ పేర్కొన్నాడు. కవే భావకుడు కూడా కాబట్టి ఇద్దరికీ భేదం లేదన్న పూర్వుల మతాన్నీ, బంగారాన్ని కనే రాయి వేరు, దాన్ని పరీక్షించే గీటురాయి వేరు అన్న ఎదుటి మతాన్నీ ఆయన పక్కపక్కనే పెట్టాడు. ఆపైన భావకులను నాలుగు తెగలుగా వర్గీకరించాడు: ఏదీ రుచించని అరోచకి, గింజతోబాటు గడ్డిని కూడా మేసేసినట్టు అన్నింటినీ మెచ్చే సతృణాభ్యవహారి, ఎదుటివాడి గుణాన్ని ఓర్వలేని మత్సరి, తత్త్వాన్ని పట్టుకునే తత్త్వాభినివేశి. చివరివాడు అత్యంత అరుదని కూడా అన్నాడు. ఇంటి బీరు పోటీకైనా, పిండివంటల పోటీకైనా ఈ నాలుగు తెగల తీర్పరులూ నేటికీ హాజరవుతూనే ఉంటారు. గమనించవలసిన విషయమేమంటే, ఈ నలుగురిలో మత్సరి పాత్రకు తయారీదారుడే అందరికన్నా దగ్గరగా ఉంటాడు. తాను చేయనివాడికి ఎదుటివాడి నేర్పు మీద అసూయ పుట్టడానికి కారణం తక్కువ.

సూరత్ నగరానికి ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో సంఖ్య రీత్యా అత్యధిక భాగం ఇక్కడి వరాఛా, కతార్‌గామ్ వంటి పేటల కార్ఖానాల్లోనే రూపు దిద్దుకుంటుంది కాబట్టి, చేసేవాడికీ తూచేవాడికీ మధ్య సంబంధం ఈ ఊరి రోజువారీ జీవనాధారం. తెలుగునేలకూ ఈ కథలో పాత వాటా ఉంది. పదిహేడో శతాబ్దంలో సూరత్ రేవు మీదుగా గోల్కొండ రాజ్యానికి పలుమార్లు ప్రయాణించి, కృష్ణాతీరపు కొల్లూరు గనిని చూసి, 1676లో తన యాత్రాగ్రంథాన్ని ప్రచురించిన ఫ్రెంచి రత్నవర్తకుడు జాన్ బాప్తిస్త్ తవెర్నియే, గనుల దగ్గరి తీర్పరుల గురించి రెండు విశేషాలు నమోదు చేశాడు. పది మొదలు పదిహేను, పదహారేళ్ల వయసున్న వర్తకుల పిల్లలు చెట్టు కింద కూర్చుని, తక్కెడ తూనికరాళ్లు పెట్టుకుని, గనివాళ్లు తెచ్చిన రాళ్లను పరీక్షించి బేరమాడేవారట. వాళ్లు గనిలో తవ్వినవారూ కారు, సానచక్రం ముందు కూర్చున్నవారూ కారు, తండ్రుల పక్కన వేల రాళ్లు చూసి కన్ను తీర్చుకున్నవారు. ఇక రెండోది, యూరప్‌వారు పగటి వెలుతురులో రాయిని చూస్తుంటే, ఇక్కడివారు రాత్రివేళ గోడగూటిలో దీపం పెట్టి, దాని వెలుగులో రాయిని వేళ్ల మధ్య పట్టుకుని నీరూ నలుసూ చూసేవారట. చేతిపని అనుభవం లేకుండానే కన్ను ఎంతదాకా పోగలదో ఈ రెండు సాక్ష్యాలూ చూపుతాయి.

అదే తవెర్నియే ఎదుటి పక్షానికీ ఒక సాక్ష్యం వదిలిపెట్టాడు. రాయి నిర్మలంగా ఉంటే సానవాళ్లు బరువు తగ్గుతుందన్న భయంతో దాన్ని చక్రానికి తాకించీ తాకించనట్టు వదిలేస్తారనీ, లోపల మచ్చో పగులో ఉంటే మాత్రం దాన్ని కప్పిపుచ్చడానికి చిన్నచిన్న ముఖాలు అనేకం చెక్కుతారనీ ఆయన రాశాడు. అంటే ఒక రాయి మీద అవసరానికి మించి ముఖాలు కనబడితే అక్కడ ఏదో దాచారని అనుమానించాలి. ఈ అనుమానం చెట్టు కింది కుర్రవాడికి అనుభవం మీద రావచ్చు గాని, సానచక్రం ముందు కూర్చున్నవాడికి అది పనితోనే వస్తుంది. తానైతే దోషాన్ని ఎక్కడ దాచేవాడో అతనికి తెలుసు కాబట్టి నేరుగా అక్కడికే చూస్తాడు. చేసిన అనుభవం తీర్పరికి ఇచ్చే మొదటి లాభం ఇదే: ఏం చూడాలో అందరికీ తెలిసినా, ఎక్కడ చూడాలో చేసినవాడికి ముందుగా తెలుస్తుంది.

నేటి సూరత్ కార్ఖానాలో ఈ లాభం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడవచ్చు. నూనె, వజ్రపు పొడి పట్టించిన పోతయినుప చక్రం వేగంగా తిరుగుతుంటే దాని చుట్టూ కార్మికులు కూర్చుని పనిచేసే బల్లను ఇక్కడ ఘంటీ అంటారు. ఆ కార్మికుడిని గౌరవంగా రత్నకళాకార్ అని పిలుస్తారు. గుండ్రని వజ్రానికి యాభై ఏడో యాభై ఎనిమిదో ముఖాలుంటాయి; అడుగుభాగమైన తళియా ఒకరు, పైభాగమైన మథాళా మరొకరు చేయడం సామాన్యం. వజ్రానికి అన్ని దిశల్లోనూ ఒకే కాఠిన్యం ఉండదు. ఒక దిశలో చక్రం రాయిని కొరుకుతుంది, మరో దిశలో ఎంత అదిమినా జారిపోతుంది. దిశ తప్పి గట్టిగా అదిమితే రాయి వేడెక్కి ముఖం మీద పాలపొగ లాంటి కాలిన మచ్చ పడుతుంది, మరికొన్ని చోట్ల తప్పు దిశలో సానబట్టిన ముఖం అలలు తేలి బల్లిచర్మంలా గరుకెక్కుతుంది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో ఈ మచ్చను పరీక్షకుడు తేలికగానే గుర్తిస్తాడు. అయితే రాయిని చక్రం మీద నుంచి క్షణక్షణం ఎత్తి చూసుకోవలసిన చోట తొందరపడి ఎత్తలేదనీ, లేదా దిశ మార్చవలసిన చోట మార్చలేదనీ ఆ మచ్చలోంచి చదవగలిగేవాడు రత్నకళాకారే.

అయినా వజ్రాలకు అర్హతాపత్రం రాసే పనిని ప్రపంచం రత్నకళాకారుల చేతికి ఇవ్వలేదు. రాబర్ట్ షిప్లీ 1931లో స్థాపించిన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికాలో, 1950ల తొలి సంవత్సరాల్లో రిచర్డ్ లిడికోట్ ఆధ్వర్యంలో రూపొందిన పద్ధతి ప్రకారం రాయి రంగును డి నుంచి జెడ్ వరకు అక్షరాలతోనూ, నిర్మలత్వాన్ని పదకొండు మెట్లతోనూ సూచిస్తారు. 2006 నుంచి గుండ్రని రాళ్ల సానకు కూడా ఐదు మెట్ల కొలత వచ్చింది. రంగు తేల్చడానికి ముందే నిర్ణయించిన నమూనా రాళ్ల పక్కన పెట్టి పోలుస్తారు. రాయి ఎవరిదో పరీక్షకుడికి తెలియనివ్వరు. ఒకరి అంచనా మరొకరికి తెలియకుండా వేర్వేరు పరీక్షకులు చూస్తారు. ఇలాంటి అర్హతాపత్రాలిచ్చే ప్రయోగశాలలు నేడు సూరత్‌లోనే ఉన్నాయి. అక్కడ బల్ల ముందు కూర్చునే పరీక్షకుడు ఒక్క ముఖం కూడా చెక్కి ఉండనక్కర్లేదు, దానివల్ల ఆ పత్రం విలువ తగ్గదు. కారణం వెతికితే అది పరీక్షకుడి కంటిలో దొరకదు, పత్రం చేరే చిరునామాలో దొరుకుతుంది. ఆ పత్రం కొనేవాడికోసం రాసింది. కాలిన మచ్చ ఎందుకు పడిందో కొనేవాడికి అక్కర్లేదు. పడిందా లేదా, పడితే రాయి ఏ మెట్టు మీద ఉంది అన్నంతవరకే అతనికి కావాలి. పైగా చెక్కినవాడు తన రాయికి తానే పత్రం రాసుకుంటే కొనేవాడు నమ్మడు కాబట్టి, ఇక్కడ చేసినవాడు దూరంగా ఉండడమే తీర్పుకు బలం.

ఇంటి బీరు మార్కుల పత్రం చిరునామా దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంటుంది. ఆ పత్రంలో మొత్తం యాభై మార్కులు: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటిలో తగిలే బరువూ నురగల అనుభూతికి 5, మొత్తం మీది అభిప్రాయానికి 10. పోటీ ముగిశాక ఆ పత్రం కొనేవాడికి పోదు, ఎందుకంటే అమ్మకమే లేదు. అది కాచినవాడి ఇంటికి తిరిగి వెళుతుంది, మరుసటిసారి ఏం మార్చుకోవాలో అందులో రాసి ఉండాలని అతడు ఆశిస్తాడు. ఒక బీరులో వెన్న వాసన వచ్చిందనుకుందాం. డయాసిటైల్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది. పులిసే సమయంలో ఈస్టు విడిచిన ఒక పదార్థం బయట డయాసిటైల్‌గా మారుతుంది, చివరి దశలో ఈస్టే దాన్ని తిరిగి లోపలికి పీల్చుకుని శుభ్రం చేస్తుంది. ఆ శుభ్రం పూర్తికాకముందే తొందరపడి చల్లబరచినా, ఈస్టును తీసేసినా వెన్న వాసన సీసాలో మిగిలిపోతుంది. పీడియోకాకస్ అనే బాక్టీరియా చొరబడినా అదే వాసన వస్తుంది. కాచడం ఎరగని తీర్పరి వెన్న వాసన ఉందని రాసి మార్కులు తగ్గిస్తాడు. అది సత్యమే గాని ఆ సత్యం కాచినవాడికి ముందే తెలిసి ఉండవచ్చు. కాచిన తీర్పరి, చివరి రెండు మూడు రోజులు కాస్త వెచ్చగా ఉంచి చూడమనీ, అయినా పోకపోతే గొట్టాలూ పాత్రలూ ఎంత శుభ్రంగా ఉన్నాయో చూసుకోమనీ రాయగలడు.

ఈ రెంటికీ నడుమ నిలిచే ఉదాహరణ కూడా సూరత్‌లోనే ఉంది, అది తెలుగువారికి మరీ దగ్గరిది. తెలంగాణ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు తరాల క్రితమే ఇక్కడి మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. మగ్గం దిగిన ముతక గుడ్డను బల్ల మీద పరిచి తనిఖీ చేసేటప్పుడు, గుడ్డ పొడుగునా సన్నని గీత కనబడితే పడుగు పోగు ఒకటి తెగి చాలాసేపు అలాగే నడిచిందని నేతగాడు చూడగానే చెబుతాడు. అడ్డంగా పట్టీ కనబడితే మగ్గం ఆగి మళ్లీ కదిలిన చోట పేక సాంద్రత మారిందని చెబుతాడు. తనిఖీ చేసేవాడికి రెండూ మచ్చలే. కొనేవాడికి ఆ మాట చాలు. కానీ ఆ మచ్చ పేరిట కూలిలో కోత పడే సందర్భంలో, పోగు తెగినా చూసుకోని మనిషి తప్పు వేరు, యంత్రం తప్పు వేరు కాబట్టి, కారణం తెలియని తీర్పు అన్యాయంగా మారుతుంది. కొనేవాడికోసం చేసిన తీర్పును చేసినవాడి మీద ప్రయోగించినప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుంది.

ఇంతవరకు వచ్చాక, అయితే తిరిగి తయారీదారుడికే చేరే తీర్పులన్నీ తయారీదారులకే వదిలేస్తే సరిపోతుందనిపించవచ్చు. అంత సులువుగా తేలేది కాదు. చేసినవాడి చేతికి సొంత అలవాట్లుంటాయి. ఏ దోషంతో తాను ఏళ్ల తరబడి పోరాడాడో ఆ దోషమే అతనికి అందరి సీసాల్లోనూ కనబడుతుంది; పాత్రల శుభ్రత వల్ల తన బీరు చెడిన తీర్పరి ఎవరి బీరు చెడినా పాత్రలనే తప్పుపడతాడు. అంతకన్నా సూక్ష్మమైన పక్షపాతం మరొకటుంది: చేసినవాడు ఫలితాన్ని కాక కష్టాన్ని మెచ్చుతాడు. వంకర ముడిరాయి నుంచి గుండ్రని వజ్రాన్ని రాబట్టిన నేర్పుకు సాటి రత్నకళాకారు తల ఊపుతాడు గాని, ఉంగరం పెట్టుకునేవాడికి ఆ నేర్పు కనబడదు, కనబడవలసిన పని కూడా లేదు. ఇక శరీరధర్మం ఒకటుంది. డయాసిటైల్ వాసనను పసిగట్టే శక్తి మనిషికీ మనిషికీ ఎంతో మారుతుంది. అది ముక్కుకు అందని మనిషి ఎన్ని పీపాలు కాచినా ఆ దోషం విషయంలో తీర్పరి కాలేడు, పైగా తన బీరులో అది లేదన్న ధీమాతో ఉంటాడు.

తయారీ అనుభవం గాని, రుచి విద్య గాని పొరపాటు నుంచి కాపాడలేవని వైను ప్రపంచం మరింత స్పష్టంగా చూపింది. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బోర్డో నగరంలో వైను తయారీ విద్య అభ్యసిస్తున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, వారు దాని వాసనను ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. అమెరికాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు, స్వయంగా చిన్న వైనరీ యజమాని, తన వైనుకు ఒక పోటీలో పతకం వచ్చి మరో పోటీలో ఏమీ రాకపోవడం వెనుక కారణమేమిటని ఆలోచించి, కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలోని తీర్పరులకు ఒకే సీసాలోని వైనును ఒకే విడతలో మూడుసార్లు వేర్వేరు గ్లాసుల్లో ఇచ్చే ఏర్పాటు చేయించాడు. 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం, మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి మార్కులు వేసిన తీర్పరులు పదిశాతం మాత్రమే. ఇక 1976 మే 24న పారిస్‌లో కాలిఫోర్నియా వైనులను ఫ్రెంచి వైనులతో కళ్లకు గంతలు కట్టినంత గోప్యంగా పోల్చిన ప్రసిద్ధ పోటీలో తొమ్మిదిమంది ఫ్రెంచి తీర్పరులు కూర్చున్నారు. వారిలో పేరుమోసిన ద్రాక్షతోటల యజమానులూ ఉన్నారు, భోజనశాలల యజమానులూ ఉన్నారు, పత్రికా సంపాదకురాలూ ఉంది. అందరి మార్కులూ కలిపితే కాలిఫోర్నియా వైనులే ముందు నిలిచాయి. చీటీ కనబడనప్పుడు స్వదేశాభిమానం పనిచేయలేకపోయిందంటే, అక్కడ న్యాయాన్ని కాపాడింది తీర్పరుల వృత్తి కన్నా పోటీ పద్ధతి అని ఒప్పుకోవాలి.

చేసి ఉండాలన్న షరతును గట్టిగా బిగిస్తే మరో చిక్కు కూడా వస్తుంది. కొన్ని పనులు అందరికీ అందుబాటులో ఉండవు. కాచడం నేరమైన రాష్ట్రంలో పుట్టినవాడు, చెట్టెక్కే వృత్తి కుటుంబంలో పుట్టనివాడు, ఘంటీ ముందు కూర్చునే అవకాశం రాని స్త్రీ, వీరంతా ఎంత సూక్ష్మమైన జ్ఞానేంద్రియాలు కలిగినా ఆ షరతు ముందు అనర్హులవుతారు. తీర్పరుల గుంపు చేసేవాళ్ల గుంపుతో సరిగ్గా కలిసిపోయిన చోట, ఏది మంచిదన్న ఊహ కూడా ఆ గుంపు అలవాటుగా గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఈ చిక్కులన్నింటికీ భరతుడు నాట్యశాస్త్రంలో సిద్ధులను వివరించే అధ్యాయంలో చూపిన పరిష్కారం నేటికీ అంతకన్నా మెరుగైనది దొరకనంత నిండుగా ఉంది. నాటక ప్రదర్శనలో వివాదం వస్తే తేల్చడానికి ఆయన ప్రాశ్నికులు అనే పేరుతో తీర్పరులను నియమించి, ఎవరెవరు ఉండాలో జాబితా ఇచ్చాడు: యజ్ఞవిధి తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు ఎరిగినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజోద్యోగి. వీరిలో నర్తకుడూ గాయకుడూ రంగస్థలం మీది పని చేసేవారే. తక్కినవారు ఆ రంగస్థలం అనుకరించే జీవితాన్ని జీవించేవారు. యజ్ఞం చూపినప్పుడు యజ్ఞవేత్త, బాణం ఎక్కుపెట్టే భంగిమ చూపినప్పుడు విలుకాడు, రాజఠీవి చూపినప్పుడు రాజు, శృంగారం చూపినప్పుడు వేశ్య తమ తమ మేరలో తీర్పు చెబుతారు. అన్ని గుణాలూ ఒక్క ప్రేక్షకుడిలో ఉండవన్న ఎరుక ఈ ఏర్పాటుకు పునాది. తెలుగువారి అవధాన సభ కూడా ఇదే నీడలో పెరిగింది: సమస్య ఇచ్చేవాడికీ, నిషిద్ధాక్షరి నడిపేవాడికీ పద్యం కట్టే శక్తి ఉండి తీరాలి, లేకపోతే ఏ అక్షరాన్ని నిషేధిస్తే అవధాని దారి మూసుకుపోతుందో వారికి తెలియదు, అదే వేదిక మీద గంటలు లెక్కపెట్టమనేవాడికీ, అప్రస్తుత ప్రసంగం చేసేవాడికీ ఛందస్సు రాకపోయినా అవధానానికి లోటు లేదు.

కాబట్టి తీర్పరి చేసినవాడై ఉండాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు వెతకడం కన్నా, ఆ తీర్పు ఎవరి చేతికి వెళుతుందని ముందుగా అడగడం మేలు. కొనేవాడికి, తాగేవాడికి, చూసేవాడికి వెళ్లే తీర్పులో చేసినవాడి అనుభవం అదనపు అలంకారమే తప్ప అర్హత కాదు. అక్కడ కావలసినవి తీర్చిన కన్ను, నిలకడైన కొలత, వస్తువుతో ఏ లావాదేవీ లేని దూరం. చేసినవాడికి తిరిగి వెళ్లే తీర్పులో మాత్రం, బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒక్కరైనా ఆ పనిని చేత్తో చేసి చెడగొట్టినవారై ఉండాలి. పోటీలో తన సీసా పెట్టిన విభాగానికి ఎవరూ తీర్పరి కాకూడదన్న బీరు సంఘాల నియమం ఇలాంటి బల్లకు మత్సరాన్ని దూరం చేసే కంచె. 1978లో ఏర్పడిన సూరత్‌లోని ఇండియన్ డైమండ్ ఇన్‌స్టిట్యూట్ సానపట్టడాన్నీ వజ్రాలను శ్రేణీకరించడాన్నీ ఒకే ప్రాంగణంలో నేర్పుతోందంటే, ఈ రెండు విద్యలూ ఒకదానికొకటి అవసరమని ఆ వ్యాపారానికి బాగా తెలుసునన్నమాట. రెండింటికీ వేర్వేరు తరగతులు పెట్టిందంటే, ఒకటి వచ్చినంతమాత్రాన రెండోది దానంతటదే రాదని కూడా తెలుసునన్నమాట. చేసిన అనుభవం వల్ల తీర్పరికి కలిగే మేళ్లలో అన్నింటికన్నా విలువైనది సందేహించే శక్తి. ఒకే వెన్న వాసనకు రెండు మూడు కారణాలుండవచ్చని, ఒకే మచ్చ వెనుక తొందరపాటో యంత్రమో ఉండవచ్చని చేతి మీదుగా నేర్చినవాడు తన పత్రంలో కారణాన్ని ఆజ్ఞగా రాయడు, పరీక్షించి చూసుకోమని సూచనగా రాస్తాడు. అలా రాయడం చేతకాని తీర్పరి ఎన్ని పీపాలు కాచినవాడైనా, కాచనివాడికన్నా ఒక మెట్టు కూడా పైన లేడు.